కొయ్య యతుకులోని జిగురు – ఎక్స్ కిరణముల పరీక్ష

కొయ్యకు కొయ్యను జిగురుతో నతుకుట మనుష్యుడు నేర్చిన మిక్కిలి పాతపనులలో నొకటి. తోళ్లను, ఎముకలను ఉడికించి తీసిన జిగురుతో పలుచని చెక్కరేకులను అతికించుట ప్రాచీన ఈజిప్టు వడ్రంగులకు తెలియును. మన దేశమున వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపమను పేర నొక యధ్యాయమునే వ్రాసెను. అది ఆలయములకును విగ్రహములకును ఉద్దేశింపబడినదే కాని కొయ్యకు గాదు. అయినను అందలి యొక లేపమునకు కొమ్ములు, తోలు మొదలగునవే సామగ్రి. కొండపల్లి బొమ్మలు చేయువారు తెల్లపొణికి కొయ్యతునుకలను అతుకుటకు చింతగింజల పొడియు రంపపుపొట్టును కలిపిన మక్కును వాడుచున్నారు. బొబ్బిలి వీణ చేయువారు మాత్రము అతుకును నమ్మక, ఒకే పనసమానినుండి వీణను తొలుతురు. ఆ యపనమ్మకమునకు కొంత న్యాయము లేకపోలేదు.

అతుకు పట్టినదా లేదా యను ప్రశ్నకు వడ్రంగియొద్ద నున్న సమాధానము ఒక్కటే: విరిచి చూచుట. విరిచినచో అతుకు ఎట్లుండెనో తెలియును గాని, అతుకు మిగులదు. పీటకో, పెట్టెకో సంబంధించినంతవరకు ఈ చిక్కు నవ్వుకొనదగినదే. మనుష్యుల ప్రాణములు ఆ యతుకుమీద ఆధారపడినప్పుడు నవ్వు రాదు.

1944వ సంవత్సరాంతమున, రెండవ ప్రపంచయుద్ధములో, ఇండియా బర్మా రంగములందు పనిచేయుచుండిన మస్కిటో అను బ్రిటిషు విమానములు కొన్ని కూలిపోయినవి. ఈ విమానము దాదాపుగా కొయ్యతోడనే కట్టబడినది. బర్చి ప్లైవుడ్డు రేకుల నడుమ తేలికయైన బాల్సాకొయ్యను పెట్టి, జిగురుతో నతికి, దాని శరీరమును తయారుచేసిరి. రెక్కల పైచెక్క లోపలి దూలమునుండి లేచివచ్చుచున్నట్లు కనబడెను. మొదట నింద జిగురుమీద పడెను: మన యెండకును వానకును అది చెడిపోయినదనిరి. విమానమును నిర్మించిన డీ హావిలాండు సంస్థవారి బృందమొకటి ఇండియాకు వచ్చి చూచి, జిగురు చెడలేదు, వర్షఋతువులో కొయ్య కొలతలు మారుటయే కారణమని 1944 డిసెంబరులో నివేదించెను. పిమ్మట బ్రిటిషు విమాననిర్మాణ మంత్రిత్వశాఖవారు మన వానను ఎన్నడును ఎరుగని విమానములను విప్పి చూడగా, వానియందును అట్టి లోపములే బయటపడినవి. అతికించుపనియే సరిగా జరుగలేదని వారు తేల్చిరి. ఒకే విధమైన అతుకును గూర్చి మూడు తీర్పులు! వానను నిందించుట ఎప్పుడును సులభమే; అది బదులు చెప్పదు. ఆ తీర్పరులలో నెవ్వరికిని అతుకును విప్పకయే లోపల చూచు సాధనము లేకపోయెనను సంగతిని మాత్రము మనము గుర్తింపవలెను.

రెండవ యుదాహరణము మనకు చాల దగ్గరి కాలమునాటిది. జర్మనీ దేశమున బాడ్ రైఖెన్‌హాల్ అను పట్టణములో మంచుమీద జారుచు ఆడుకొను మందిర మొకటి యుండెను. దాని కప్పును మోయు పెద్దదూలములు కొయ్యచెక్కలను జిగురుతో కూర్చి చేసినవి. 2006 జనవరి 2వ తేదీన, కప్పుమీద మంచు పేరుకొనియుండగా, ఆ కప్పు కూలి 15 మంది మరణించిరి. వారిలో నెక్కువమంది పిల్లలు. లెక్కలలోని లోపములు మొదలగు కారణములు పలు కలవు గాని, వానిలో ముఖ్యమైనది జిగురు. యూరియా ఫార్మాల్డిహైడు అను ఆ జిగురు పొడిచోటున గట్టిగా నుండును. తేమ యెడతెగక తగులుచోట ఏండ్లు గడచుకొలది దాని పట్టు సడలును. మంచుమందిరములో తేమకు కొదువ యేమి? ముప్పది సంవత్సరములకు పైగా ఆ దూలములు పైకి బాగుగనే కనబడుచుండినవి.

నేడు కొయ్యతో కట్టు కట్టడములు తగ్గుటకు బదులు పెరుగుచున్నవి. నార్వే దేశమున 2019లో పూర్తియైన మ్యోస్టార్నెట్ అను భవనము 18 అంతస్తులతో 85 మీటర్లు దాటినది. అమెరికాలో మిల్వాకీ నగరమున 2022లో పూర్తియైన అసెంట్ అను భవనములో అంతస్తులు 25. క్రిందివి కాంక్రీటువి కాగా, పై యంతస్తులు కొయ్యవి. ఇట్టి కట్టడములందలి దూలములు ఒక్కొక్క చెట్టునుండి కోసినవి కావు. పలుచని పలకలను ఒకదానిపై నొకటి అతికించినవి. మనము పడుకొను మంచము, పిల్లలు చదువుకొను బల్ల, వీనియందు సయితము చాలవరకు జిగురే భారమును మోయుచున్నది. కావున అతుకులోపల చూచుట వినోదముకొరకు గాదు.

ఎక్స్ కిరణములతో చూడరాదా యని మీకు తోచవచ్చును. విరిగిన యెముకను చూపు కిరణము విడిపోయిన యతుకును చూపదా? ఇక్కడనే చిక్కున్నది. 1895 నవంబరులో జర్మనీలో వుర్ట్స్‌బుర్గ్ నగరమున రాంట్‌జెన్ పండితుడు ఈ కిరణములను కనుగొనెను. ఆయన తీసిన మొదటి చిత్రములలో, మూతవేసిన కొయ్యపెట్టెలోని తూకపురాళ్ల చిత్రమొకటి. రాళ్లు చక్కగా పడినవి; పెట్టె కనబడలేదన్నంత పలుచగా నున్నది. ఆనాడు లోకమంతయు ఆ రాళ్లను జూచి యబ్బురపడెను. కొయ్యనుగూర్చి పనిచేయువారికి మాత్రము ఆ కనబడని పెట్టెయే ముఖ్యము.

కారణమేమన, ఎక్స్ కిరణములను అడ్డుకొను శక్తి పరమాణువుల బరువును బట్టి యుండును. పరమాణుసంఖ్య పెరిగినకొలది ఆ శక్తి ఎన్నో రెట్లు విజృంభించును. ఎముకలో సున్నపుధాతువు, అనగా కాల్షియము, ఉన్నది. దాని సంఖ్య 20. కొయ్యలో నున్నవి కర్బనము, ఉదజని, ఆమ్లజని. వాని సంఖ్యలు 6, 1, 8. సరే, కొయ్య పలుచగా కనబడినను జిగురైన చిక్కగా కనబడునా? కనబడదు. ప్లైవుడ్డులో వాడు ఫినాలు ఫార్మాల్డిహైడు జిగురును తీసికొనుడు. అందును ప్రధానముగా నున్నవి ఆ కర్బనము, ఉదజని, ఆమ్లజనులే. సాంద్రతయు కొయ్యకణపు గోడకు ఎంతో దూరము గాదు. పాలలో నీటిని వెదకినట్లు, కొయ్యలో జిగురును వెదకవలసివచ్చెను.

అయినచో శాస్త్రజ్ఞులు ఏమి చేసిరి? జిగురుకు గుర్తు పెట్టిరి. చాకలి బట్టకు గుర్తు పెట్టినట్లు, జిగురులో బరువైన పరమాణువులను చేర్చిరి. బ్రోమిను సంఖ్య 35, రుబీడియము సంఖ్య 37, అయొడిను సంఖ్య 53. ఒక అయొడిను పరమాణువు ఒక కర్బన పరమాణువుకంటె ఎక్స్ కిరణములను వందల రెట్లు హెచ్చుగా అడ్డుకొనును. కొంచెము చేర్చినను జిగురు చిత్రములో మెరయును. అమెరికాలో ఒరెగన్ స్టేట్ యూనివర్సిటీయందు ఫ్రెడరిక్ కామ్‌కే పండితుడును ఆయన శిష్యులును ఈ పద్ధతిని పెంపొందించినవారిలో ముఖ్యులు.

వినుటకు ఇది సులభముగానున్నది. కాని నాకు ఇందులో మిక్కిలి రుచించినది గుర్తు పెట్టుట గాదు, ఆ గుర్తును శంకించుట. చాకలిగుర్తు బట్టను విడిచి పోదు; జిగురులోని గుర్తు పోవచ్చును. ఫినాలు జిగురులో సోడాక్షారము వేయుట వాడుక. ఆ సోడియమునకు బదులు రుబీడియమును వేసినచో జిగురు కనబడును, నిజమే. కాని రుబీడియము జిగురు అణువునకు గట్టిగా కట్టుబడినది కాదు. జిగురులోని నీరు కొయ్యలోనికి ఇంకునప్పుడు ఆ నీటివెంట అదియు ముందుకు పోగలదు. అప్పుడు చిత్రములో మెరయునది జిగురా, జిగురును విడిచిపోయిన లవణమా? దొంగ పారిపోయి టోపీ మిగిలినచో, టోపీ దొరికినచోటు దొంగయున్న చోటు కాదుగదా. అందుచేత అయొడినును ఫినాలు వలయమునకే రసాయనబంధముతో నంటగట్టిరి. అట్లు చేసిన పిమ్మట అది జిగురును విడిచి పోజాలదు. దీనికిని ఒక వెల యున్నది. ఫినాలు వలయముపై అయొడిను కూర్చుండినచోట మరియొక అణువు వచ్చి చేరుటకు వీలులేదు. గుర్తు మితిమీరినచో జిగురు గట్టిపడు తీరే మారును. కనబడుటకు చాలినంత, గుణము చెడనంత వేయవలెను.

ఇక చూచు విధానము. ఆసుపత్రులలో శరీరమును అడ్డముగా కోసినట్లు చూపు యంత్రము మీరెరిగినదే. దానిని రూపొందించినందుకు హౌన్స్‌ఫీల్డు, కోర్మాక్ అను ఇరువురికి 1979లో నోబెలు బహుమానము వచ్చెను. కొయ్యకును సూత్రమొక్కటే, కొలత వేరు. అగ్గిపుల్లంత లావుగల తునుకను, అతుకు నడుమ వచ్చునట్లు కోసి, ఒక పీఠముపై నిలిపి, కొంచెము కొంచెముగా త్రిప్పుచు నూర్లకొలది నీడచిత్రములను తీయుదురు. గణకయంత్రము ఆ నీడలన్నిటిని కూర్చి, తునుకలోని ప్రతిబిందువు ఎంత చిక్కగానున్నదో లెక్కకట్టును. ఒక్కొక్క బిందువు ఒకటిన్నర మైక్రాను ప్రమాణము. మైక్రాననగా మిల్లీమీటరులో వేయవవంతు. మూడు మిల్లీమీటర్ల ఘనమును ఈ విధముగా విభజించినచో 800 కోట్ల బిందువులు వచ్చును.

ఇంత సూక్ష్మముగా, త్వరగా చూచుటకు ఆసుపత్రి దీపము చాలదు. ఎలక్ట్రానులను దాదాపు వెలుతురువేగముతో పెద్దవలయమున త్రిప్పినప్పుడు వెలువడు మహోజ్జ్వలమైన ఎక్స్ కిరణములను వాడుదురు. చికాగో దగ్గర ఆర్గాన్ పరిశోధనాలయములో నున్న వలయము చుట్టుకొలత సుమారు 1100 మీటర్లు. స్విట్జర్లాండులో విల్లిగెన్ వద్ద మరియొకటి కలదు. జ్యూరిచ్ నగరపు విద్వాంసులు బీచికొయ్య యతుకులను అందు పరిశీలించిరి. మన దేశమున ఇందోరులో ఇండస్-2 అను 172 మీటర్ల వలయ మున్నది. దానియందును ఎక్స్ కిరణములతో చిత్రములు తీయు శాఖ యొకటి కలదు.

ఆ చిత్రములలో ఏమి కనబడును? కొయ్య గట్టిపదార్థము గాదు, గొట్టముల మోపు. దేవదారుజాతి కొయ్యలో ఒక్కొక్క గొట్టము మూడు మిల్లీమీటర్ల పొడవు, మిల్లీమీటరులో ముప్పదవవంతు వెడల్పు. గోడ మందము కొన్ని మైక్రానులు. బీచి మొదలగు జాతులలో ఇవి గాక నీరు పారు పెద్దనాళములును ఉండును. అతికించి బిగించినప్పుడు జిగురు ఈ గొట్టములలోనికి పోవును. దేవదారులో అది ఒకటి రెండు వరుసల కణములను నింపి ప్రక్కకణములకు చిన్నరంధ్రముల గుండ పాకును. బీచిలో నాళము దొరికినదా, కాలువ దొరికిన నీటివలె దూరము పరుగెత్తును. అదే కొయ్యను మరియొక వాలున కోసినచో, నాళములు అతుకుకు ఎదురుపడు కోణము మారి, జిగురు పోక వేరగును. ఒకే చెట్టు, ఒకే జిగురు, రెండు తీరులు!

జిగురు లోతుగా పోయినకొలది అతుకు బలపడునా? ఈ వివాదము పాతదే. 1925లో మెక్‌బెయిన్, హాప్‌కిన్స్ అనువారు, జిగురు రంధ్రములలో దూరి గడ్డకట్టి కొక్కెములవలె పట్టుకొనుటయే కొయ్య యతుకునకు మూలమని వాదించిరి. 1929లో అమెరికాలోని మాడిసన్ నగరపు అటవీద్రవ్య పరిశోధనాలయమువారు, బ్రౌన్, బ్రౌస్ అనువారు, దానికి ఒప్పుకొనలేదు. జిగురునకును కొయ్యకును అణువులమధ్య నుండు ఆకర్షణయే ప్రధానమనిరి. నేటి చిత్రములు ఎవరి పక్షమునను పూర్తిగా సాక్ష్యము చెప్పుట లేదు. జిగురు కొంత చొచ్చుట కావలెను; పైవరుసలో నలిగిన కణములను దాటి చెడనికొయ్యను పట్టుకొనవలెను. అంతకు మించి లోతునకు పోయినంతమాత్రమున బలము హెచ్చదు. పైగా జిగురంతయు కాలువలలోనికి పోయి, రెండు పలకలనడుమ మిగులకున్న, అతుకు జిగురు కరవై చచ్చును. బిగింపు మితిమీరినను, జిగురు మరీ పలుచనైనను జరుగునది ఇదియే.

మర్రా అను అమెరికా శాస్త్రజ్ఞుడు అతుకును తొమ్మిది లంకెల గొలుసుతో పోల్చెను. నడుమ జిగురుపొర ఒక లంకె. కొయ్య తాకిడిచే కొంత మారిన జిగురు ఇరుప్రక్కల రెండు. జిగురును కొయ్యయు కలియు సరిహద్దులు రెండు. జిగురు చొచ్చిన పైకొయ్య రెండు. చెడని లోపలికొయ్య రెండు. వీనిలో పైకొయ్య యను లంకెను వడ్రంగి తన చేతితో చెరుపవచ్చును, బాగుచేయవచ్చును. మొద్దుబారిన యినుముతో చిత్రికపట్టినచో పైకణములు నలిగి చదునగును. సూక్ష్మచిత్రములలో అవి త్రొక్కిన గడ్డిగొట్టములవలె కనబడును. జిగురు పట్టుకొన్నను, ఆ నలిగిన పొరయే ఊడివచ్చును. జిగురునకు పట్టు దొరకునని కొందరు పలకలను గీరి గరుకు చేయుదురు. నా మతమున అది చెరుపే. పదునైన యినుముతో అప్పటికప్పుడు నున్నగా చిత్రికపట్టిన పలకయే జిగురునకు మేలైనది.

కణపుగోడలోనికి జిగురు పోవునా అను ప్రశ్న మరింత సూక్ష్మమైనది. మాడిసన్ పరిశోధనాలయపు జోసెఫ్ జేక్స్ పండితుడు, ఆయన తోటివారు, బ్రోమిను గుర్తుగల జిగురును వాడి, సూది మొనకంటె సన్నని ఎక్స్ కిరణమును కణపుగోడమీద నడిపించి, అందలి బ్రోమిను వెనుకకు వెలువరించు కిరణములను లెక్కించిరి. చిన్న అణువులుగల జిగురు గోడలోనికే ఇంకును. పెద్ద అణువులుగలది గొట్టములోనే నిలిచిపోవును. గోడలో జిగురు నిండినచోట నీరు పీల్చుకొనుట తగ్గును. కొయ్య వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొనును. గట్టిజిగురు అంత కదలదు. ఆ లాగుడంతయు సరిహద్దుమీద పడును. గోడయే కొంత జిగురును త్రాగి ఉబ్బుట తగ్గించుకొన్నచో, ఆ లాగుడు ఒక్కచోట పడక మెల్లగా సర్దుకొనును. మస్కిటో విమానముల విషయమున ముగ్గురు మూడుగా చెప్పిన ప్రశ్నకు, బాడ్ రైఖెన్‌హాల్ దూలములలో మెల్లమెల్లగా జరిగినదానికి, ఇదియే కీలకమైన తావు.

ఈ విద్యకు హద్దులు కలవు. మొదటిది: ఎక్స్ కిరణము జిగురు ఎక్కడ నున్నదో చూపును గాని, పట్టుకొన్నదా లేదా చెప్పదు. కొయ్యను ఆనుకొని, పట్టు లేక యుండు జిగురు, చిత్రములో మంచి జిగురువలెనే కనబడును. అందుచేత కిరణముల దారిలోనే చిన్నయంత్రము నుంచి, తునుకను కొద్దికొద్దిగా లాగుచు, ప్రతి లాగుడునకు నొక చిత్రము తీసి, ఏ బిందువు ఎటు జరిగెనో గణకయంత్రముచే పోల్చి చూచుచున్నారు. భారము జిగురును దాటి ఏ కణములమీద పడుచున్నదో అప్పుడు తెలియును.

రెండవది: ఇది గాలి, ఇది కొయ్య, ఇది జిగురు అని బిందువులను విడదీయునది చివరకు మనుష్యుడు పెట్టిన గీతయే. మూడు మైక్రానుల గోడలో ఒకటిన్నర మైక్రాను బిందువులు రెండే పట్టును. అంచున నున్న బిందువు సగము కొయ్య, సగము జిగురు. గీతను కొంచెము అటు జరిపినచో జిగురు హెచ్చును, ఇటు జరిపినచో తగ్గును. అందమైన రంగుచిత్రమును చూచి మోసపోవువారు ఈ సంగతిని మరువరాదు. ఆ రంగులు కిరణము వేసినవి కావు, పరిశోధకుడు వేసినవి.

మూడవది తునుక ప్రమాణము. అగ్గిపుల్లంత తునుకను చూచి ఇరువది మీటర్ల దూలమునకు పూచీపడుట ఎట్లు? మెతుకు పట్టి అన్నము చూచుట వంటయింట చెల్లును. దూలములో ఒక మూల మంచి జిగురు, మరియొక మూల కరవు ఉండవచ్చును. గుర్తుజిగురు ప్రయోగశాలలో చేసినదే కాని, ఇప్పటికే నిలిచియున్న దూలములలో లేదు. కావున ఈ పద్ధతి పాతకప్పును పరీక్షించుటకు గాదు. ఏ జిగురు, ఏ కొయ్య, ఎంత బిగింపు అని ముందుగా నిర్ణయించుటకు పనికివచ్చును.

మన దుకాణములలో కొను ప్లైవుడ్డునకు పరీక్ష నేటికిని పాతదియే. నీట నిలువదగిన ప్లైవుడ్డును గూర్చిన 710వ సంఖ్య భారతీయ ప్రమాణము ప్రకారము తునుకను 72 గంటలు మరుగునీట నుంతురు. పిమ్మట పొరలనడుమ కత్తి దూర్చి విప్పుదురు. పొర జిగురుగీత వెంట శుభ్రముగా విడివడినచో ఆ పలక తప్పినది. జిగురు నిలిచి, కొయ్యయే పీచుపీచుగా చీలివచ్చినచో నెగ్గినది.